పడిపోయిన కర్రల లెక్క

సరస్సు గురించి కొలతల కార్యాలయం ఇచ్చిన ఎనభై నాలుగు పేజీల నివేదికలో కర్రల పిన్నికి ఒళ్ళు మండించినది అరవై ఒకటో పేజీలోని పట్టిక. అంతకుముందున్న అరవై పేజీలనూ ఆమె ఓపికగానే చదివింది. వంటింటి బల్ల మీద నివేదికను పరచుకుని, చేత పెన్సిలు పట్టుకుని, పొయ్యి మీద టీకి పెట్టిన నీళ్ళు రెండుసార్లు ఇగిరిపోయినా కుర్చీ కదలకుండా చదివింది. అరవై ఒకటో పేజీ దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ఇరవై ఎనిమిది సంవత్సరాల కరుగుదల కొలతలు అక్కడ వరుసగా ఉన్నాయి. వాటిలో ఏడు సంవత్సరాలకు ఎదురుగా ఒకే అంకె ఉంది. 3.41 మీటర్లు. ఏడింటికి ఏడూ అదే, చివరి దశాంశంతో సహా.

ఆ కొలతలు తీసింది ఆమే. కొండ మీది మంచు ఏ రెండేళ్ళూ ఒకేలా కరగలేదని ఆమెకు తెలిసినంతగా ఈ లోయలో మరొకరికి తెలియదు. ఆమె లేచి పొయ్యి ఆర్పి, పడకగదిలోని ఇనప బీరువా తెరిచింది.

ఆ బీరువాలో బట్టలుండవు. పైనుంచి కింది దాకా ఏడాదికొక కట్ట చొప్పున కాగితాలుంటాయి. కొలతల కార్యాలయంలో పరిశీలకురాలిగా పనిచేసిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె పూరించిన ప్రతి ఫారానికీ కార్బన్ నకలు తీసి దాచుకుంది. ఆ నకళ్ళు దాచమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, దాచవద్దనీ చెప్పలేదు. పెళ్ళి పత్రిక ఎక్కడుందో భర్త బతికున్నన్నాళ్ళూ వెతుక్కున్నాడుగాని, ఫలానా ఏడాది ఫలానా కర్ర ఎంత బయటపడిందంటే మాత్రం ఆమె కళ్ళు మూసుకుని చేయి చాపి తీసేది.

ఇంతకీ ఆ కర్రల సంగతి. లోయకు ఎగువన, తొమ్మిది గంటల నడక దూరంలో, ఒక హిమానీనదం ఉంది. నదిలాగే అదీ కదులుతుంది, కాకపోతే రోజుకు జానెడు. దాని కొస కరిగి, ఆ నీరంతా కింద ఒక సరస్సుగా నిలిచింది. ఆ సరస్సుకు అడ్డుకట్ట అంటూ మనుషులు కట్టింది ఏమీ లేదు, హిమానీనదం ఒకప్పుడు తోసుకొచ్చి వదిలేసిన రాళ్ళూ మట్టే దానికి కట్ట. ఆ కట్ట అంచు దాకా నీరు వచ్చిన రోజున కట్ట ఉండదు. కట్ట లేని రోజున లోయలో కింది వీధి ఉండదు. కింది వీధిలో నలభై ఒక్క ఇళ్ళున్నాయి, ఒక బడి ఉంది, కర్రల పిన్ని చెల్లెలి కుట్టుదుకాణం ఉంది.

మంచు ఎంత కరుగుతోందో తెలుసుకోవడానికి ఏటా శరదృతువులో ఆమె పైకి వెళ్ళేది. ఆవిరి బర్మాతో మంచులో ఆరు మీటర్ల లోతున రంధ్రం చేసి, ఆరు మీటర్ల కర్రను మంచుతో సమంగా దించేది. మరుసటి ఏడు వెళ్ళేసరికి మంచు ఎంత కరిగితే కర్ర అంత బయటపడి నిలబడేది. బయటపడిన మేర కొలిచి, ఫారంలో అంకె వేసి, మళ్ళీ కొత్త రంధ్రం. అలా ఐదు చోట్ల దించిన ఐదు కర్రల్లోకీ అన్నిటికన్నా దిగువది, సరస్సుకు దగ్గరిది, ఐదో కర్ర. పట్టికలో ఉన్నవి దాని కొలతలే.

ఆమెకు పని నేర్పిన పెద్దాయన ఉద్యోగ విరమణ రోజున కూడా సన్మానపు శాలువా భుజాన ఉండగానే ఆమెకు ఒక మాట చెప్పి వెళ్ళాడు. "కొలిచింది అంకెల గడిలో రాయి. కొలవలేనిది వివరణ గడిలో రాయి. అంకెల గడిలో ఊహ అడుగుపెట్టిందా, ఇక ఆ ఫారం చిత్తుకాగితమే." ఆమె ఆ మాటను ప్రాణప్రదంగా పట్టుకుంది.

ఇప్పుడు బల్ల మీద ఏడు కట్టలు విప్పి ఏడు నకళ్ళు పక్కపక్కన పెట్టింది. ఏడింటిలోనూ అంకెల గడి ఖాళీగా ఉంది. ఏడింటిలోనూ వివరణ గడిలో ఆమె గుండ్రటి దస్తూరీ ఉంది. "కర్ర పూర్తిగా బయటపడి మంచు మీద పడి ఉంది. ఆరు మీటర్లూ కరిగినట్టే. ఆపైన ఎంత కరిగిందో కొలవడానికి ఆధారం లేదు." మాటలు ఒక ఏడాదికీ మరో ఏడాదికీ కొంచెం అటూ ఇటూగా ఉన్నాయి, సంగతి ఒక్కటే. ఆ ఏడు సంవత్సరాల్లో ఆరు, ఆమె ఉద్యోగంలోని చివరి పదకొండేళ్ళలోనివి.

ఆమె నివేదికనూ నకళ్ళనూ సంచిలో వేసుకుని, కింది వీధికి దిగింది.

చెల్లెలి దుకాణంలో మూడు కుట్టుమిషన్లున్నాయి, నడిచేది ఒకటి. చెల్లెలు దాని ముందు కూర్చుని ఎవరిదో కోటుకు లోపలి గుడ్డ వేస్తోంది.

"మొహం చూస్తుంటే ఎవరికో మూడినట్టుంది," అంది తలెత్తకుండానే.

"మనకే. సరస్సు నిండడానికి ఇరవై రెండేళ్ళు పడుతుందట. కాబట్టి సరస్సు నీటిని మెల్లగా దించే కాలువ తవ్వకం ఇప్పుడక్కర్లేదట. వచ్చే గురువారం ఊరి సంఘం కూర్చుని, పదేళ్ళ తర్వాత చూద్దామని తీర్మానం చేస్తుందట."

"ఇరవై రెండేళ్ళా? అప్పటికి నాకు ఎనభై మూడు. వరదొచ్చినా మంచం మీదే పోతాను, పెద్ద తేడా ఏముంది?"

"వెటకారాలాపి ఇది చూడు." ఆమె పట్టికను కత్తెర పక్కన పరిచింది.

చెల్లెలు కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని చూసింది. "ఒకే అంకె ఏడుసార్లు పడింది. టైపు కొట్టేవాడు నిద్రపోయాడు."

"నిద్రపోలేదే. ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేశారు. సరే, నీకు అర్థమయ్యేలా చెప్తాను. నీ టేపు ఎంత పొడుగు?"

"అరవై అంగుళాలు."

"నడుముకు టేపు చాలని మనిషి వచ్చాడనుకో. పుస్తకంలో ఏం రాస్తావు?"

"అంకె వేయను. పక్కన 'టేపు చాలలేదు' అని రాసుకుంటాను."

"రేపు నువ్వు లేనప్పుడు ఎవరో వచ్చి, ఆ ఖాళీలు చూసి, పక్కన రాసింది చదవకుండా, మిగతా అందరి నడుముల సగటు తీసి ముప్పై నాలుగు అని నింపి, బట్ట కత్తిరించేశాడనుకో."

మిషను ఆగింది. "బొత్తాలు ఎగిరొచ్చి నా కంట్లో పడతాయి," అంది చెల్లెలు. అని, పట్టికను మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "అంటే మరీ లావుగా ఉన్నవాళ్ళందరూ వీళ్ళ లెక్కలో..."

"మామూలు మనుషులైపోయారు. మంచు అన్నిటికన్నా ఘోరంగా కరిగిన ఏడు సంవత్సరాలూ వీళ్ళ లెక్కలో మామూలు సంవత్సరాలైపోయాయి. కర్ర పడిపోయేంతగా కరిగింది కాబట్టే అంకె లేదు. అంకె లేదు కాబట్టి కరగలేదన్నారు."

"మరి నిజంగా ఎన్నేళ్ళు?"

"అది నాకు తెలియదు. నేను కొలిచేదాన్ని. లెక్క కట్టేవాడు వేరే ఉన్నాడు. వాడి దగ్గరికే వెళ్తున్నాను."

"కొంచెం నీళ్ళు తాగి వెళ్ళు. ఈ కోపంతో వెళ్తే ముందు వాడిని తింటావు."

ఆమె నీళ్ళు తాగింది. కోపం చల్లారలేదు.

కొలతల కార్యాలయం రెండో అంతస్తులో, ఎప్పుడూ తలుపు మూసి ఉండే గదిలో, మోడలాయన కూర్చుంటాడు. ఆయనకు నలభై దాటాయి. అతి మర్యాదస్తుడు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు పెట్టుకుంటాడు, ఒక్కదానితోనూ రాయగా ఎవరూ చూడలేదు. ఆయన పని కంప్యూటరులో ఒక హిమానీనదాన్ని నిర్మించడం. నిజం హిమానీనదాన్ని వందల గళ్ళుగా కోసినట్టు ఊహించుకుని, ఒక్కొక్క గడిలో ఎంత మంచు కురుస్తుంది, ఎంత ఎండకు ఎంత కరుగుతుంది, పై గడిలోని మంచు బరువుకు కింది గడిలోకి ఎంత జారుతుంది అని లెక్క కడతాడు. గడిచిన సంవత్సరాలను ఆ యంత్రంలో మళ్ళీ నడిపించి, అది చెప్పే కరుగుదల కర్రల కొలతలతో సరిపోయేదాకా మరలు బిగిస్తాడు. సరిపోయాక, రాబోయే సంవత్సరాల వేడిని దానిలోకి పంపి, హిమానీనదం ఎంత వెనక్కి పోతుందో, సరస్సు ఎంత ముందుకు వస్తుందో చెప్పిస్తాడు. అందులో మోసం లేదు, పని కూడా చిన్నది కాదు. కానీ ఆ మరలన్నీ కర్రలను చూసి బిగించేవే. కర్రలు అబద్ధం చెబితే యంత్రం ఆ అబద్ధాన్నే నూరేళ్ళ ముందుకు మోసుకెళ్తుంది.

"ఖాళీలుంటే మోడల్ నడవదమ్మా," అన్నాడాయన, ఆమె చెప్పిందంతా విన్నాక. "ఎక్కడైనా సగటుతో నింపుతారు. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు."

"నాయనా, కర్ర గాలికి విరిగిపోయి ఖాళీ వస్తే సగటు వెయ్యి, నేనేమీ అనను. మంచు కరిగి కర్ర పడిపోతే వచ్చిన ఖాళీకి కూడా సగటేనా? వివరణ గడి చదివావా?"

"వివరణ గడి నాకు రాలేదు."

"రాలేదా?"

"ఫారాలు కంప్యూటరుకెక్కించేటప్పుడు అంకెలే ఎక్కించారు. మాటలు ఎక్కించడానికి ఫైల్లో చోటు పెట్టలేదు. ఆ తర్వాత కాగితాలు..."

"కాగితాలు?"

"కంప్యూటరుకెక్కాయి కదా అని తూకానికి వేసేశారమ్మా. నాలుగేళ్ళయింది. నేను చేరక ముందు సంగతి."

ఇరవై ఎనిమిది శరదృతువులు, బర్మా బరువుకు అరిగిపోయిన మోకాళ్ళు, వేళ్ళు కొంకర్లు పోతుంటే నోటి ఆవిరితో పెన్ను వెచ్చజేసుకుంటూ రాసిన అక్షరాలు. అన్నీ తక్కెడలోకి వెళ్ళాయి. ఆమె సంచిలోంచి ఏడు నకళ్ళూ తీసి, ఒకదాని పక్కన ఒకటి, ఆయన కీబోర్డు మీదే పెట్టింది.

మోడలాయన ఒక్కొక్కటీ చదివాడు. మూడోది చదివేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏడూ చదివి, మళ్ళీ మొదటిది తీశాడు.

"అమ్మా, ఒక్క మాట అడగనా? 'ఆరు మీటర్లూ కరిగినట్టే' అని మీకు తెలుసు. రాశారు కూడా. అదే, అంకెల గడిలో 'కనీసం ఆరు' అని ఎందుకు వేయలేదు?"

"కొలవనిది అంకెల గడిలో వేయకూడదు."

"కనీసం ఆరు అన్నది కొలతే కదా. ఆరు మీటర్ల కర్ర పడిపోయిందంటే ఆరుకు తక్కువ కాదని కొలిచినట్టే."

ఆయన అన్నది నిజం కావడం వల్ల కోపం రెట్టింపయింది. ఏ నియమాన్ని పట్టుకుని ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగిందో ఆ నియమం తన చేత ఏడుసార్లు నోరు మూయించింది. తప్పులో తనకూ వాటా ఉందని ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేని పని.

"నేను రాయలేదు సరే," అంది చివరికి. "పొడుగు కర్ర ఎందుకు వేయలేదని అడుగు."

"ఎందుకు వేయలేదు?"

"బర్మా గొట్టం ఆరు మీటర్లే. ఎనిమిది మీటర్ల గొట్టం కొనమని మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు. ఇదిగో." సంచి అడుగునుంచి ఒక కాగితం తీసి, తనే గట్టిగా చదివింది. "'ఐదో కర్ర వద్ద సగటు కరుగుదల 3.41 మీటర్లు మాత్రమే అయినందున ప్రస్తుత గొట్టం సరిపోతుందని కార్యాలయం భావిస్తోంది.'"

మోడలాయన ఆ కాగితం తీసుకుని తేదీ చూశాడు, సంతకం చూశాడు. నవ్వడానికీ ఏడవడానికీ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టు ఆయన మొహం.

"పడిపోయిన కర్రలను వదిలేసి సగటు తీసి," అన్నాడు మెల్లగా, "ఆ సగటు చూపించి, కర్రలు పడిపోవన్నారు."

"నీకు బుర్ర ఉంది," అంది కర్రల పిన్ని. ఆమె నోట ప్రశంస రావడం అరుదు. "ఇప్పుడు దాన్ని వాడు."

ఆయన రెండు రోజులు అడిగాడు. ఏడు గళ్ళలోనూ సగటు తీసేసి, ఆరుకు తగ్గకూడదు అన్న నిబంధన పెట్టి, మరలన్నీ మళ్ళీ మొదటినుంచి బిగించాలి. మూడో రోజు పొద్దున ఆయనే ఫోను చేశాడు. పలకరింపులు లేవు.

"తొమ్మిదేళ్ళమ్మా. వేసవులు మరీ ఎక్కువ కాస్తే ఏడు. ఇరవై రెండు కాదు."

కొలతల కార్యాలయం డైరెక్టరు గారి గదిలో కుర్చీలు మెత్తనివి, లోతైనవి. కూర్చున్నవాళ్ళు లేవాలంటే చేతులు ఆసరా చేసుకోవాలి. ఆమె కూర్చోలేదు. మోడలాయన గోడ పక్కన నిలబడ్డాడు.

డైరెక్టరు గారు మంచిగా మాట్లాడే మనిషి. అంతా విన్నారు, తల ఊపారు, విచారం కూడా వ్యక్తం చేశారు. ఆ తర్వాత అన్నారు: "ఆమోదం పొందిన మోడల్‌ను మధ్యలో మార్చే వీలు లేదమ్మా. మూడేళ్ళకొకసారి సవరణ ఉంటుంది. అప్పుడు మీ నకళ్ళను తప్పకుండా పరిశీలిస్తాం."

"సరస్సుకు ఈ సంగతి తెలియజేశారా? మూడేళ్ళు ఆగమని?"

"మీ ఆవేదన నాకు అర్థమైంది."

"నాకు ఆవేదన లేదు డైరెక్టరు గారూ, కోపం ఉంది. రెండింటికీ తేడా తెలియకపోతే చెప్తాను. ఆవేదన ఉన్న మనిషి ఇంటికి వెళ్ళిపోతుంది. నేను గురువారం సంఘం ముందు నిలబడి, ఈ ఏడు నకళ్ళూ, మీ కార్యాలయం గొట్టం గురించి నాకు రాసిన జవాబూ, కాగితాలు తూకానికి వేసిన సంగతీ, చదివి వినిపిస్తాను. కింది వీధి మొత్తం అక్కడే ఉంటుంది."

డైరెక్టరు గారు మోడలాయన వైపు చూశారు. కొత్త లెక్క నిలుస్తుందా అని అడిగారు. మోడలాయన నీళ్ళు నమిలే మనిషే, కానీ ఆ పూట నమలలేదు. "నిలుస్తుంది సార్. పాతదే నిలవదు," అన్నాడు.

చివరికి డైరెక్టరు గారు, సరే, గురువారం కొత్త లెక్కనే సంఘం ముందు పెడతాం అన్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేమిటా అన్న అనుమానం ఆమెకు మెట్లు దిగుతుండగానే కలిగింది. అది ఎందుకో గురువారం గాని తెలియలేదు.

గురువారం సభా మందిరం నిండిపోయింది. కింది వీధివాళ్ళు పనులు మానుకుని వచ్చి, గోడల వెంట కూడా నిలబడ్డారు. చెల్లెలు మూడో వరుసలో కూర్చుంది, మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది. మోడలాయన తెర మీద కొత్త గీతను చూపించాడు. పాత గీత మెల్లగా వాలుతూ పోతే, కొత్త గీత కొండచరియలా పడిపోయింది. సంఘం సభ్యులకు వేరే వివరణ అవసరం లేకపోయింది. ఈ వేసవిలోనే కాలువ పని మొదలుపెట్టాలని అరగంటలో తేలింది. కొండ మీద మంచు కురవని కాలం ఏడాదికి పది వారాలే. పది రోజుల్లో మనుషులు పైకి వెళ్ళకపోతే ఈ ఏడాది పని లేనట్టే.

తీర్మానం కాగితం బల్ల మీదికి వచ్చింది. కొలతలు తీసిన పరిశీలకురాలు అవి నిజమేనని సంతకం పెడితేనే అది చెల్లుతుంది. ఆమె కలం పట్టుకుని, అలవాటు ప్రకారం మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. నాలుగో పంక్తిలో ఆగింది.

"'కొత్తగా లభించిన క్షేత్ర సమాచారం దృష్ట్యా' అంటే ఏమిటిది?"

"మీ నకళ్ళేనమ్మా," అన్నారు డైరెక్టరు గారు, గొంతు తగ్గించి.

"ఇవి కొత్తవా? ఇందులో మొదటిదానికి పంతొమ్మిదేళ్ళు. అన్నీ ఏటికేడు మీ కార్యాలయానికి ఇచ్చినవే. అందినట్టు మీ ముద్ర కూడా ఉంది. మీరు చదవలేదు. చదవకుండా అమ్ముకున్నారు. పద్ధతిలో తప్పు జరిగిందని రాయండి, సంతకం పెడతాను."

"అలా రాయలేను."

"ఎందుకు రాయలేరు?"

ఆయన ఆమె వైపు వంగి, ఇతరులకు వినిపించకుండా చెప్పారు. అబద్ధం చెప్పలేదు, అదొక్కటీ ఆయన పక్షాన చెప్పుకోవాలి. "ఇదే పద్ధతిలో ఇంకా పదకొండు హిమానీనదాల నివేదికలు ఇచ్చాం. పద్ధతి తప్పని ఇక్కడ రాస్తే ఆ పదకొండూ వెనక్కి తీసుకోవాలి. కొత్త సమాచారం అంటే, ఇది ఇక్కడితో సరి."

అప్పుడు ఆమెకు మొత్తం కనిపించింది. పదకొండు హిమానీనదాలు. వాటి కింద ఎన్ని లోయలు, ఎన్ని కింది వీధులు. వాటన్నిటికీ ఎవరో ఒకరు ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళని చెప్పి ఉంటారు. ఒక్క మాట కింద వాటన్నిటినీ పూడ్చిపెట్టి, పైన ఆమె సంతకాన్ని రాయిలా దొర్లించమంటున్నారు.

"పెట్టను," అంది.

మందిరంలో గుసగుసలు లేచాయి. డైరెక్టరు గారు నిటారుగా కూర్చుని, ఇప్పుడు అందరికీ వినిపించేలా అన్నారు: "అయితే తీర్మానం తర్వాతి సమావేశానికి వాయిదా పడుతుంది. అది శరదృతువులో."

శరదృతువంటే మంచు మొదలయ్యాక. అంటే ఒక ఏడాది పోయినట్టే. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. ఆమె చేతిలో కలం, కాగితానికి బెత్తెడు దూరంలో.

మూడో వరుసలోంచి చెల్లెలు లేచింది. బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమైందక్కా?"

ఆమె చెప్పింది. తను ఆ మాటెందుకు మార్చమంటోందో, పదకొండు లోయల సంగతేమిటో, అన్నీ చెప్పింది. చెల్లెలు తీర్మానం కాగితం తీసుకుని చదివింది.

"నువ్వు చెప్పేది న్యాయమే," అంది. "కానీ మా వీధిని అడ్డం పెట్టి ఆ న్యాయం గెలవకు. ఇక్కడున్న వీళ్ళు ఎవరూ ఆ పదకొండు లోయల తరఫున మునగడానికి ఒప్పుకోలేదు. నువ్వైతే మా వీధిలో ఉండవు, మెరకన ఉంటావు."

ఆ చివరి మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. నిజానికి అరవై ఏళ్ళ అక్కాచెల్లెళ్ళ బంధంలో ఇంతకన్నా కటువైన మాట చెల్లెలు అనలేదు. కర్రల పిన్ని ఏదో అనబోయి, మందిరం వైపు చూసింది. బడి పంతులమ్మ, ఒళ్ళో పిల్లాడితో ఎవరో తల్లి, గోడకు ఆనుకుని కమ్మరి. ఎవరూ కోపంగా లేరు. ఎదురు చూస్తున్నారంతే.

ఆమె సంతకం పెట్టింది. కలం బల్ల మీద పడేసి, చెల్లెలి మొహం చూడకుండా, చప్పట్లు మొదలవక ముందే బయటికి నడిచింది.

మెట్ల దగ్గర మోడలాయన వెనకాలే పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. మిగతా పదకొండు పట్టికలూ నిన్న చూశాను. ఒకే అంకె మళ్ళీ మళ్ళీ వచ్చిన గళ్ళు నలభై మూడు ఉన్నాయి. వాటిలో ఏవి పడిపోయిన కర్రలో, ఏవి వేరే కారణాల ఖాళీలో నాకు తెలియదు. కాగితాలు లేవు కదా. కాగితాలుంటే లెక్క నేను కడతాను. డైరెక్టరు గారు వద్దన్నా కడతాను."

"ఉద్యోగం పోతుంది."

"పోతే కర్రలు మోస్తాను," అన్నాడాయన. హాస్యమాడటం చేతకాని మనిషి కాబట్టి అది హాస్యమో కాదో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె పాత చిరునామాల పుస్తకం తీసింది. ఆ పదకొండు హిమానీనదాల దగ్గర కొలతలు తీసిన తన తరం పరిశీలకులు పదకొండు మంది. ఒకప్పుడు ఏటా శిక్షణకు కలిసేవాళ్ళు. గోడ దగ్గరి ఫోను ముందుకు కుర్చీ లాక్కుని, మొదటి నంబరు కలిపింది. మనిషి పోయి ఆరేళ్ళయిందని కొడుకు చెప్పాడు. కాగితాలా, ఇల్లు మారినప్పుడు పారేశామండీ అన్నాడు. రెండో నంబరు పనిచేయడం లేదు. మూడో ఆయన ఉన్నాడు గానీ నకళ్ళు ఎప్పుడూ తీసుకోలేదట. "నీలాగా మాకు పిచ్చి పట్టలేదు" అన్నాడు. ఆమె అతనికి పది నిమిషాలపాటు చెప్పాల్సిందంతా చెప్పి ఫోను పెట్టేసింది. కోపం ఇంకా తీరలేదు. పైగా ఇప్పుడు దానికి చేయడానికో పని దొరికింది.

నాలుగో నంబరు మోగుతుండగా వీధి తలుపు తెరుచుకుంది. చెల్లెలు వచ్చింది, చేతిలో దుకాణపు కొలతల పుస్తకం. పలకరించకుండా బల్ల దగ్గర కూర్చుని, వెనకవైపు ఖాళీ పేజీ తిప్పి, గళ్ళు గీయడం మొదలుపెట్టింది.

"దుకాణం?" అంది కర్రల పిన్ని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని.

"మూసేశాను. నీ చేత సంతకం పెట్టించింది నేనే కదా. రాయడానికి నేను కాక ఇంకెవరొస్తారు?"

"నిన్న అన్న మాటకు నేనింకా..."

"తెలుసు. తర్వాత తిట్టుకో. ముందు ఎవరో ఎత్తారు, మాట్లాడు."

అవతల నిజంగానే ఎవరో ఎత్తారు. పడమటి కొండల్లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన ముసలాయన. వినికిడి తగ్గింది. ఆమె మూడుసార్లు అరచి చెప్పాల్సి వచ్చింది.

"వివరణ గడా?" అన్నాడాయన. "ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. ఎందుకిప్పుడు?"

"చదవండి. మొదటి ఏడాది నుంచి."

"మొత్తమా? చాలాసేపు పడుతుందమ్మాయ్."

"పడనివ్వండి."

అటు నుంచి అట్టపెట్టె ఈడ్చిన చప్పుడు, దగ్గు, కాగితాలు తిప్పడం వినిపించాయి. ముసలాయన నిదానంగా, కూడబలుక్కుంటూ చదవసాగాడు. ఆమె ఒక్కొక్క వాక్యాన్నీ తిరిగి పలికింది. చెల్లెలు రాసింది. పదమూడో ఏడాది దగ్గర ఆయన గొంతు సవరించుకుని, "కర్ర కనబడలేదు. గంటన్నర వెతికాను. కింద రాళ్ళ సందున దొరికింది," అని చదివాడు.

"ఎంత పొడుగు కర్ర?" అని అరచింది కర్రల పిన్ని.

"ఐదు మీటర్లు."

ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "అంకెల గడిలోనే వెయ్యి. కనీసం ఐదు."